తొలినాటి మెథడిస్టుల పాట, ప్రసంగం, భక్తి: తరచుగా అడిగే ప్రశ్నలు

యువజన కూడికల్లోనూ, బైబిలు తరగతుల్లోనూ జాన్, చార్లెస్ వెస్లీ అనే అన్నదమ్ముల ప్రస్తావన వచ్చినప్పుడల్లా దాదాపు ఇవే ప్రశ్నలు వినబడుతుంటాయి. వాటికి జవాబులు ఒకచోట పెట్టే ప్రయత్నం ఇది. నా ఉద్దేశంలో తొలినాటి మెథడిస్టుల పాటను వాళ్ల ప్రసంగం నుంచి విడదీయలేం. ఆ రెండింటినీ వారం వారం పదిమంది కూర్చుని మాట్లాడుకునే చిన్న కూడిక నుంచి విడదీయలేం. ఇప్పుడు మనకు పాటలు మాత్రమే మిగిలాయి కాబట్టి ఆ సంబంధం మరుగున పడింది. దాన్నే మళ్లీ మళ్లీ గుర్తుచేయాలనిపించి కొన్ని జవాబులు పొడుగ్గా రాశాను.

మెథడిస్టులు అంటే ఎవరు? కొత్త సంఘం పెట్టాలనుకున్నారా?

18వ శతాబ్దపు ఇంగ్లండులో ఆంగ్లికన్ సంఘం లోపలే పుట్టిన ఉజ్జీవ ఉద్యమం ఇది. 1729లో ఆక్స్‌ఫర్డులో చార్లెస్ వెస్లీతో పాటు కొందరు విద్యార్థులు కలిసి గ్రీకు కొత్త నిబంధన చదవడం, ఉపవాసం ఉండడం, క్రమం తప్పకుండా ప్రభు భోజనం తీసుకోవడం మొదలుపెట్టారు. కొంతకాలానికి జైలుకు వెళ్లి ఖైదీలను పలకరించడం కూడా అలవాటైంది. చార్లెస్ అన్న జాన్ వచ్చి దానికి పెద్దయ్యాడు. తోటి విద్యార్థులు ఎగతాళిగా వేసిన పేర్లలో మెథడిస్టు ఒకటి. అదే నిలిచిపోయింది.

కొత్త సంఘం పెట్టాలన్న ఆలోచన ఇద్దరికీ లేదు. ఇద్దరూ అభిషేకం పొందిన ఆంగ్లికన్ గురువులు, చనిపోయేదాకా అలాగే ఉన్నారు. 1784లో జాన్ అమెరికా కోసం సొంతంగా గురువులను అభిషేకించినప్పుడు చార్లెస్ తీవ్రంగా వ్యతిరేకించాడు. అన్నగారి ప్రార్థనాలయం పక్కనున్న స్థలం బిషప్పు ప్రతిష్ఠ చేసినది కాదని అక్కడ సమాధికి కూడా ఒప్పుకోలేదు. 1788లో ఆయన్ను మేరిల్‌బోన్ పారిష్ చర్చి ఆవరణలోనే పాతిపెట్టారు.

ఈ అన్నదమ్ముల మీద ఎవరి ప్రభావం ఎక్కువ?

తల్లి సుసన్నాది. ఇందులో నాకు సందేహం లేదు.

లింకన్‌షైర్‌లోని ఎప్‌వర్త్ అనే చిన్న ఊళ్లో తండ్రి శామ్యూల్ గురువు. పుట్టిన పిల్లలు 19 మంది, చాలామంది పసితనంలోనే పోయారు. చేతిలో డబ్బు నిలిచేది కాదు, అప్పుల బాధ ఎప్పుడూ ఉండేది. అంత సంసారం ఈదుతూనే సుసన్నా ఒక్కో బిడ్డతో ఏకాంతంగా మాట్లాడడానికి వారంలో ఒక్కో సాయంత్రం కేటాయించుకుంది. జాన్‌కు గురువారం, చార్లెస్‌కు శనివారం. బిడ్డ మనసులో ఏముందో, దేవుని గురించి ఏమనుకుంటున్నాడో అడిగి తెలుసుకునేది. క్లాసు మీటింగులనే మెథడిస్టుల చిన్న వారపు కూడికల్లో నాయకుడు అడిగే ప్రశ్నలు చదివినప్పుడల్లా నాకు ఆ గురువారం సాయంత్రాలే గుర్తొస్తాయి.

1711-12 చలికాలంలో భర్త లండన్‌లో ఉండగా ఆదివారం సాయంత్రం ఇంట్లో పిల్లలకూ పనివాళ్లకూ ప్రసంగం చదివి ప్రార్థన చేసేది. ఇరుగుపొరుగు వాళ్లు వచ్చి చేరారు. చివరికి రెండు వందల మంది దాకా అయ్యారు. అక్కడి సహాయ గురువు భర్తకు ఫిర్యాదు రాశాడు. మానేయమని భర్త చెప్పినప్పుడు ఆమె రాసిన జవాబు గొప్పది. 'మానేయడం మంచిదని సలహా ఇవ్వకండి, మానేయమని ఆజ్ఞాపించండి. అప్పుడు క్రీస్తు న్యాయపీఠం ముందు మనిద్దరం నిలబడినప్పుడు ఆ లెక్క నా మీద ఉండదు' అన్నది దాని సారాంశం. ఆయన ఇంక ఆపలేదు.

1709 ఫిబ్రవరిలో ఆ ఇల్లు అంటుకుంది. ఐదేళ్ల జాన్ పై అంతస్తులో చిక్కుకుపోయాడు. ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి కిటికీలోంచి లాగారు, ఆ వెంటనే కప్పు కూలింది. జెకర్యా 3:2లోని 'అగ్నిలోనుండి తీసిన కొరవి' అన్న మాటను జాన్ తన జీవితానికి ముద్రలా వాడుకున్నాడు.

జార్జియా ప్రయాణం విఫలమైందంటారు. మరి దాన్ని ఎందుకంతగా చెప్పుకుంటారు?

1735 అక్టోబరులో అన్నదమ్ములిద్దరూ అమెరికాలోని జార్జియా వలసకు ఓడ ఎక్కారు. 1736 జనవరిలో సముద్రం మీద తుపాను పట్టుకుంది. అదే ఓడలో జర్మన్ మొరేవియన్ విశ్వాసులు ఆరాధనలో ఉన్నారు. కీర్తన మొదలుపెట్టారో లేదో పెద్ద అల విరుచుకుపడి ప్రధాన తెరచాప చినిగిపోయింది, నీళ్లు లోపలికి వచ్చేశాయి. ఇంగ్లీషువాళ్లు కేకలు పెట్టారు. మొరేవియన్లు పాట ఆపలేదు. మీకు భయం వేయలేదా అని తర్వాత జాన్ ఒకతన్ని అడిగాడు. లేదన్నాడు. మీ ఆడవాళ్లకు, పిల్లలకు? మావాళ్లకు చావంటే భయం లేదండి, అన్నాడతను.

పాట అంటే సంగీతం మాత్రమే కాదని, విశ్వాసానికి గీటురాయి అని ఆయన కళ్లారా చూసింది అప్పుడే. ఓడలోనే జర్మన్ నేర్చుకున్నాడు. తర్వాత గెర్‌హార్ట్, టెర్స్టీగన్, జిన్జెన్‌డార్ఫ్ వంటివారి పాటలను ఇంగ్లీషులోకి తెచ్చాడు. జాన్ చేసిన ఈ అనువాదాలు చాలా గట్టివి, చార్లెస్ పేరు ముందు వీటి విలువ ఎవరూ గుర్తించరు.

1737లో చార్లెస్‌టన్‌లో ఆయన అచ్చు వేయించిన చిన్న పాటల పుస్తకం అమెరికాలో అచ్చయిన తొలి కీర్తనల సంకలనాల్లో ఒకటి. అదే ఏడు సవానాలో గ్రాండ్ జ్యూరీ ఆయన మీద మోపిన ఆరోపణల్లో, ఎవరి అనుమతీ లేని కీర్తనలను ఆరాధనలోకి తెచ్చాడన్నది కూడా ఉంది! సేవ మాత్రం నిజంగానే విఫలమైంది. ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు మనసు విరిగి ఉన్నాడు.

1738 మే నెలలో ఏం జరిగింది?

మే 21న, పెంతెకొస్తు ఆదివారం నాడు, లండన్‌లో జబ్బుతో మంచాన ఉన్న చార్లెస్‌కు తన పాపాలు క్షమించబడ్డాయన్న నిశ్చయత కలిగింది. మూడు రోజులకు, మే 24 సాయంత్రం, జాన్ ఇష్టం లేకుండానే ఆల్డర్స్‌గేట్ వీధిలోని కూడికకు వెళ్లాడు. రోమీయులకు రాసిన పత్రికకు లూథర్ రాసిన ముందుమాట అక్కడ ఎవరో చదువుతున్నారు. తొమ్మిదికి పావుగంట ముందు తన హృదయం వింతగా వెచ్చబడిందని ఆయన దినచర్యలో రాసుకున్నాడు. క్రీస్తు నా పాపాలను, అవును నా పాపాలనే తీసివేశాడన్న నిశ్చయత కలిగిందన్నాడు.

చార్లెస్ ఆ రోజుల్లోనే, మారుమనస్సు అనుభవం మీద పాట మొదలుపెట్టి, ఇది గర్వమేమోనని మధ్యలో ఆపేశాడు. మిత్రుడు బ్రే ధైర్యం చెప్పాక పూర్తిచేశాడు. 24 రాత్రి జాన్‌ను మిత్రులు తమ్ముడి గదికి తీసుకొచ్చినప్పుడు అందరూ కలిసి పాట పాడి, ప్రార్థన చేసి విడిపోయారు. మరుసటి ఏడు ఆ రోజును తలుచుకుంటూ చార్లెస్ 18 చరణాల పాట రాశాడు. వెయ్యి నాలుకలుంటే అన్నిటితోనూ ఆయన్నే స్తుతించాలన్న భావం అందులో ఉంది. మొరేవియన్ బోధకుడు పీటర్ బోలర్ అన్న మాట దానికి ప్రేరణ అని చెబుతారు. ఆ పాటలోని కొన్ని చరణాలే 1780 పాటల పుస్తకంలో మొదటి పాటగా నిలిచాయి.

చార్లెస్ నిజంగా ఎన్ని పాటలు రాశాడు?

ఆరు వేలకు పైగా అని సాధారణంగా చెబుతారు. పాటగా దేన్ని లెక్కపెట్టాలన్న దాన్ని బట్టి అంకె తొమ్మిది వేల దాకా వెళ్తుంది. 1762లో వెలువరించిన రెండు సంపుటాల్లోనే 2,030 చిన్న కీర్తనలున్నాయి. ఆదికాండం నుంచి ప్రకటన దాకా వచనం వచనం పట్టుకుని రాశాడు.

అన్నీ గొప్పవి కావు. మళ్లీ మళ్లీ వచ్చే ప్రాసలు, అలవాటుగా పడిన పదాలు చాలానే ఉన్నాయి. కానీ రాయడం ఆయనకు ప్రార్థనలో భాగం. గుర్రం మీద వెళ్తూ పొట్టి లిపిలో కార్డు మీద గీసుకునేవాడు. ముసలితనంలో కూడా చిన్న గుర్రం దిగి సిటీ రోడ్డులోని ఇంట్లోకి వస్తూనే 'కలం, సిరా!' అని కేకేసి, పాట కాగితం మీద పెట్టాకే అక్కడున్నవాళ్లను పలకరించేవాడని దగ్గరివాళ్లు రాశారు.

ఆయన పాటల్లో ప్రత్యేకత ఏమిటి?

ఒకటి, బైబిలు. ఒక్కో పాదంలో రెండు మూడు వాక్యభాగాలు కలిసిపోయి ఉంటాయి. రెండు, 'నేను'. అప్పటికే ఇంగ్లండులో ఐజక్ వాట్స్ గొప్ప కీర్తనలు రాసి ఉన్నాడు. ఆయన సిలువను చూస్తూ నిలబడి ధ్యానిస్తాడు. చార్లెస్ నిలబడి చూడడు, లోపలికి దూకుతాడు. గొలుసులు తెగి పడింది తనకే, చెరసాల వెలుగుతో నిండింది తన చుట్టూనే. మూడు, ఛందస్సు. అప్పటి సంఘాల్లో మూడు నాలుగు మూసలే చెలామణిలో ఉండగా ఆయన పదుల రకాల్లో రాశాడు.

ఒక పాటను దగ్గరగా చూద్దాం. 1742లో అచ్చయిన 'పోరాడే యాకోబు'. ఆధారం ఆదికాండము 32. యబ్బోకు రేవు దగ్గర రాత్రి. యాకోబు తనవాళ్లందరినీ ముందుకు పంపేసి ఒంటరిగా మిగిలాడు. ఎవరో తెలియని మనిషి వచ్చి పెనుగులాడుతున్నాడు. చార్లెస్ ఆ కథను చెప్పడు, యాకోబు నోట మాట్లాడిస్తాడు. నీవెవరు? నీ పేరేమిటి? నీ స్వభావమేమిటి? చెప్పేదాకా వదలను. చరణం వెంట చరణం అదే పట్టు. తుంటి జారిపోయింది, బలం పోయింది, తెల్లవారుతోంది, అయినా చెయ్యి వదలడు. 'నీవు నన్ను ఆశీర్వదించితేనే గాని నిన్ను పోనియ్యను' అన్న వచనం ఇక్కడ ప్రార్థనగా మారిపోతుంది. సగం దాటాక జవాబు వస్తుంది: నీవు ప్రేమవు, నాకోసం చనిపోయినవాడివి. అక్కణ్నుంచి పాట నడకే మారుతుంది. చివర్లో ఆ కుంటివాడు ఆనందంతో గంతులు వేస్తాడు. మొత్తం 14 చరణాలు. పాత నిబంధన కథలోంచే సిలువను బయటికి తెచ్చాడు.

తన పాటలన్నిటికంటే ఈ ఒక్క పాట విలువైనదని వాట్స్ అన్నట్టు జాన్ రాశాడు. చార్లెస్ పోయిన రెండు వారాలకు బోల్టన్‌లో జాన్ ఇదే పాట పాడించబోయాడు. నావాళ్లు ముందే వెళ్లిపోయారు, నీతో నేనొక్కణ్నే మిగిలాను అన్న పాదాలు చదవగానే 84 ఏళ్ల ఆ పెద్దాయన ప్రసంగ వేదిక మీదే కూలబడి ఏడ్చేశాడు.

సారాయి దుకాణాల ట్యూన్లకు పాటలు కట్టారని విన్నాను. నిజమేనా?

వెస్లీల విషయంలో దీనికి సరైన ఆధారం లేదు. అయినా ప్రసంగాల్లో, వాట్సాప్‌లో ఆగకుండా తిరుగుతూనే ఉంది. ఆధారమున్న సంగతులు ఇవి: 1742లో జాన్ ఒక స్వరాల పుస్తకం తెచ్చాడు, అందులో పాత కీర్తనల రాగాలు, జర్మన్ రాగాలు ఉన్నాయి. 1746లో నాటకశాలల సంగీతకారుడు లాంప్ చార్లెస్ పండుగ పాటలకు స్వరాలు కట్టాడు. ప్రఖ్యాత స్వరకర్త హాండెల్ అంతటివాడు చార్లెస్ పాటలు మూడింటికి స్వరం ఇచ్చాడు. చార్లెస్ కొడుకులిద్దరూ పేరున్న సంగీతకారులయ్యారు. అప్పటి కొత్త సంగీతాన్ని వాళ్లు వాడుకున్న మాట నిజం. దాన్ని తాగుబోతు పాటగా మార్చి చెప్పుకోవడం మన కొత్త ట్యూన్లను సమర్థించుకోవడానికే ఎక్కువగా పనికొస్తోంది.

పాటలు ఎలా పాడాలని జాన్ చెప్పాడు?

1761లో ఏడు సూచనలు అచ్చు వేశాడు. ముందు ఈ రాగాలు నేర్చుకోండి. అచ్చులో ఉన్నట్టే పాడండి. అందరూ పాడండి; అది మీకు సిలువ అనిపిస్తే ఎత్తుకోండి. సగం చచ్చినట్టో సగం నిద్రలో ఉన్నట్టో పాడకండి, ధైర్యంగా గొంతెత్తండి. అణకువగా పాడండి, పక్కవాడి కంటే గట్టిగా వినబడాలని అరవకండి. తాళం తప్పకండి, ముందుకు పరుగెత్తకండి, వెనకబడకండి. అన్నిటికంటే ముఖ్యంగా ఆత్మతో పాడండి, ప్రతి మాటలోనూ దేవుని మీదే గురి పెట్టండి.

నన్ను ఎక్కువగా పట్టుకున్నది మాత్రం ఇంకొకటి. పాట ఆచారంగా మారిపోతోందన్న భయంతో, బోధకుల సమావేశ నిర్ణయాల్లో ఆయన ఒక మందు చెప్పాడు. పాట మధ్యలో చటుక్కున ఆపి జనాన్ని అడగండి: 'ఇప్పుడు మీరు పాడినదేమిటో తెలుసా? మీ మనసులో లేనిది ఏమైనా పాడారా?' ఏ ఆదివారమైనా మన ఆరాధనలో ఎవరైనా ఇలా ఆపి అడిగితే ఏం జరుగుతుందో ఊహించుకోండి.

చదువు రానివాళ్లు అంత పెద్ద పాటలు ఎలా పాడేవారు?

బోధకుడో, పాట నడిపేవాడో ఒకటి రెండు పాదాలు చదివేవాడు, జనం అందుకుని పాడేవారు. మళ్లీ రెండు పాదాలు. మన పల్లె సంఘాల్లో పెద్దలు కీర్తన చెప్పించిన పద్ధతి చూసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. చదువురాని గని కార్మికుడి నోట త్రిత్వం, అవతారం, విమోచన ఇలా పాదం పాదంగా ఎక్కాయి. ప్రసంగం విని ఇంటికెళ్లాక సగం మరిచిపోతాం. పాట గనిలోకి కూడా దిగుతుంది.

1780 పాటల పుస్తకానికి అంత పేరెందుకు?

అందులో 525 పాటలున్నాయి, ఎక్కువ భాగం చార్లెస్‌వి. కూర్చింది జాన్. ముందుమాటలో దాన్ని అనుభవానికీ ఆచరణకూ సంబంధించిన చిన్న దైవశాస్త్ర గ్రంథమని అన్నాడు. విషయసూచిక చూస్తే ఎందుకన్నాడో అర్థమవుతుంది. క్రిస్మస్, ఈస్టర్ లాంటి పండుగల వరుస కాదది. మొదట పాపిని దేవుని వైపు పిలిచే పాటలు. తర్వాత పైపై భక్తికీ, అంతరంగ భక్తికీ తేడా. ఆ తర్వాత పశ్చాత్తాపపడేవారికి, వెనక్కి జారిపోయి తిరిగి వచ్చేవారికి. అటుపైన విశ్వాసులకు: సంతోషిస్తున్నవారికి, పోరాడుతున్నవారికి, మెలకువగా ఉన్నవారికి, పనిచేస్తున్నవారికి, శ్రమపడుతున్నవారికి, సంపూర్ణ విమోచన కోసం మూలుగుతున్నవారికి. చివర్లో సొసైటీ, అంటే ఆ ఊరి మెథడిస్టు బృందం, కూడుకున్నప్పుడు, విడిపోయేటప్పుడు పాడేవి. ఒక మనిషి ఆత్మీయ ప్రయాణం ఎక్కడ మొదలై ఎటు వెళ్తుందో ఆ వరుసే చెబుతుంది. తాను ఎక్కడున్నాడో చూసుకుని ఆ పేజీ తెరవచ్చు.

అదే ముందుమాటలో, తమ పాటలను ఇష్టమొచ్చినట్టు మార్చి అచ్చు వేసుకునేవాళ్లను జాన్ గట్టిగానే మందలించాడు. బాగుచేయడానికి ప్రయత్నించకండి, అది మీ వల్ల కాదు అన్నాడు. అయినా అందరికంటే ప్రసిద్ధమైన మార్పు అప్పటికే జరిగిపోయింది. చార్లెస్ 1739 క్రిస్మస్ పాట మొదటి పాదాన్ని వాళ్ల సహచర బోధకుడు జార్జ్ వైట్‌ఫీల్డ్ 1753లో మార్చేసి దేవదూతలను ముందుకు తెచ్చాడు. ఇప్పుడు ప్రపంచమంతా పాడేది వైట్‌ఫీల్డ్ మార్చిన పాదమే. మనం డిసెంబరులో పాడుకునే 'దూత పాట పాడుడీ' ఆ పాటే. రాగం జర్మన్ స్వరకర్త మెండెల్సన్‌ది, 19వ శతాబ్దంలో వచ్చి చేరింది.

బయట, మైదానాల్లో బోధించడం ఎవరు మొదలుపెట్టారు?

వెస్లీ కంటే ముందు వైట్‌ఫీల్డ్. 1739 ఫిబ్రవరిలో బ్రిస్టల్ దగ్గర కింగ్స్‌వుడ్‌లో బొగ్గుగని కార్మికుల మధ్య నిలబడి బోధించాడు. అక్కడివాళ్లకు చర్చి లేదు, వాళ్లంటే ఊరందరికీ భయం. గనిలోంచి నేరుగా వచ్చిన ఆ నల్లటి చెంపల మీద కన్నీళ్లు తెల్లటి చారలు కట్టాయని ఆయన రాశాడు.

రమ్మని జాన్‌ను పిలిచాడు. జాన్‌కు ఇది మింగుడుపడలేదు. చర్చి గోడల బయట ఆత్మలు రక్షించబడడం దాదాపు పాపమనుకునే మనిషి తాను అని స్వయంగా రాసుకున్నాడు. ఏప్రిల్ 2న, ఇంకాస్త నీచుడిగా కనబడడానికి ఒప్పుకుని, బ్రిస్టల్ శివార్లలో ఇటుకల బట్టీ దగ్గర మిట్ట మీద నిలబడ్డాడు. వాక్యం లూకా 4:18, 'ప్రభువు ఆత్మ నామీద ఉన్నది'. సుమారు మూడు వేల మంది విన్నారు. ఆ తర్వాత యాభై ఏళ్లు ఆయన ఆగలేదు.

ఆ ప్రసంగాలు ఎలా ఉండేవి?

వైట్‌ఫీల్డ్‌ది నాటకీయమైన గొంతు, చూపు, కన్నీళ్లు. జాన్‌ది అలా కాదు. 1746లో అచ్చయిన ప్రసంగాల ముందుమాటలో, సామాన్యులకు సామాన్యమైన సత్యాన్ని చెప్పడమే తన పని అని రాసుకున్నాడు. కష్టమైన పదాలు, పాండిత్య ప్రదర్శన వద్దనుకున్నాడు. పనికి వెళ్లే ముందు వినేలా తెల్లవారుజామున ఐదు గంటలకే ప్రసంగం పెట్టేవాడు. అయినా ఆ నెమ్మదైన ప్రసంగాలకే మనుషులు కేకలు పెట్టి పడిపోయిన సందర్భాలు తొలి రోజుల్లో ఉన్నాయి.

అల్లరి మూకలు కూడా ఉండేవి. 1743 అక్టోబరులో వెడ్నెస్‌బరీ దగ్గర ఒక గుంపు ఆయన్ను గంటల తరబడి ఈడ్చుకెళ్లింది. అంతకు ముందు ఏడు సొంత ఊరు ఎప్‌వర్త్‌లోనే చర్చిలో చోటివ్వకపోతే, బయట తండ్రి సమాధి రాయి మీద నిలబడి బోధించాడు. నాన్న బ్రతికుండగా ఆ ప్రసంగ పీఠం మీద చెప్పిన ప్రసంగాల కంటే సమాధి మీద చెప్పినవే ఎక్కువ మేలు చేశాయన్న అర్థంలో తర్వాత రాసుకున్నాడు.

క్లాసు మీటింగు అంటే ఏమిటి?

ఈ మొత్తం కథకు ఇదే వెన్నెముక. పుట్టింది డబ్బు లెక్కల నుంచి. బ్రిస్టల్‌లో కట్టిన న్యూ రూమ్ అనే మెథడిస్టు కూడికల భవనం మీద అప్పుంది. 1742 ఫిబ్రవరిలో అప్పు తీర్చడం ఎలాగని మాట్లాడుకుంటుంటే ఫోయ్ అనే ఓడ కెప్టెన్, ఒక్కొక్కరూ వారానికి ఒక పెన్నీ ఇద్దామన్నాడు. కొందరికి ఆ పెన్నీ కూడా ఉండదన్నారు. అయితే పదకొండు మందిని నాకప్పగించండి, ఇవ్వలేనివాళ్ల పెన్నీ నేనేస్తాను అన్నాడు. అలా పన్నెండేసి మంది చొప్పున గుంపులయ్యాయి.

పెన్నీ కోసం ఇంటింటికీ వెళ్లిన నాయకులు అక్కడ ఇంకేదో చూశారు. ఒకడు తాగి ఉన్నాడు, ఒకచోట మొగుడూపెళ్లాల గొడవ, ఇంకోచోట ఆకలి. జాన్ వెంటనే పట్టుకున్నాడు: మనం ఇన్నాళ్లూ వెతుకుతున్నది ఇదే. ఇంటింటికీ తిరగడం కష్టమని అందరూ ఒకచోట చేరడం మొదలైంది. నీ ఆత్మ ఎలా ఉంది అని నాయకుడు ఒక్కొక్కరినీ అడుగుతాడు. వాళ్లు నిజం చెప్పాలి. ముందు వెనుక ప్రార్థన, పాట. మూడు నెలలకోసారి టికెట్టు ఇస్తారు, దారి తప్పినవాడికి కొత్త టికెట్టు రాదు. చేరడానికి మాత్రం ఒకే షరతు: రాబోయే ఉగ్రత నుంచి తప్పించుకోవాలన్న కోరిక.

1780 పుస్తకంలోని పాటలు ఈ గదుల్లో పాడినవి. 'శ్రమపడుతున్న విశ్వాసులకు' అన్న శీర్షిక కింద పాట తెరిస్తే, ఆ శ్రమ ఎవరిదో ఆ పన్నెండు మందికీ తెలుసు. ఆ గది పోయాక శీర్షికలు శీర్షికలుగానే మిగిలాయి. తర్వాతి తరాల్లో పాటల పుస్తకాలు పెద్దవయ్యాయి, క్లాసు మీటింగులు పలచబడ్డాయి. నా దృష్టిలో మెథడిజం పోగొట్టుకున్నవాటిలో ఇంతకంటే పెద్దది లేదు.

మహిళలు బోధించేవారా?

బోధించారు. 1761లో డార్బీలో సారా క్రాస్బీ క్లాసు నడుపుదామని వెళ్తే దాదాపు రెండు వందల మంది వచ్చారు. ఒక్కొక్కరితో మాట్లాడడం కుదరక నిలబడి సాక్ష్యం చెప్పింది. జాన్ తప్పుపట్టలేదు. 1771లో మేరీ బోసాంకెట్‌కు రాసిన ఉత్తరంలో, అసాధారణమైన పిలుపు ఉంటే స్త్రీ బోధించవచ్చని ఒప్పుకున్నాడు. ఆయన పోయాక 1803లో బ్రిటిష్ మెథడిస్టు నాయకత్వం దీన్ని బాగా కట్టడి చేసింది. ఇది వెనకడుగు.

'పరిపూర్ణత' గురించి అన్నదమ్ములిద్దరి మధ్య భేదముండేదా?

ఉండేది. దేవుని మీద, పొరుగువాని మీద ప్రేమతో హృదయం పూర్తిగా నిండడం ఈ లోకంలోనే సాధ్యమని జాన్ నమ్మాడు. ఒక క్షణంలో కూడా జరగవచ్చన్నాడు. చార్లెస్ ఆ గమ్యాన్ని ఇంకా ఎత్తున పెట్టాడు, అది మరణం దగ్గరే దొరుకుతుందని తర్వాతి రోజుల్లో ఎక్కువగా అనుకున్నాడు. దైవ ప్రేమ మీద ఆయన రాసిన 1747 నాటి ప్రసిద్ధ గీతంలో పాపం చేసే శక్తినే తీసివేయమని అడిగే చరణం ఉంది. 1780 పుస్తకంలో జాన్ ఆ చరణాన్ని వదిలేశాడు. తమ్ముడి పాటనైనా సిద్ధాంతం ముందు పెట్టి చూసేవాడు.

వైట్‌ఫీల్డ్‌తో గొడవ ఎందుకొచ్చింది?

దేవుడు కొందరినే ముందుగా ఎన్నుకున్నాడా, అందరికోసమూ క్రీస్తు చనిపోయాడా అన్న దాని మీద. 1739లో జాన్ 'ఉచితమైన కృప' మీద ప్రసంగం చేసి అచ్చు వేశాడు, 1741 నాటికి దారులు వేరయ్యాయి. చార్లెస్ 'అందరికోసం' అన్న మాటను పాటల్లో మోగించాడు. స్నేహం మాత్రం తర్వాత కుదుటపడింది. 1770లో వైట్‌ఫీల్డ్ అమెరికాలో చనిపోతే లండన్‌లో జ్ఞాపకార్థ ప్రసంగం చేసింది జానే.

వీళ్ల భక్తి ఉద్వేగం మాత్రమేనా? సంస్కారాలకు, సమాజానికి చోటు లేదా?

1745లో ప్రభు భోజనం మీద మాత్రమే 166 పాటలతో ఒక పుస్తకం తెచ్చారు. జాన్ సగటున నాలుగైదు రోజులకోసారి ప్రభు భోజనం తీసుకునేవాడని చెబుతారు.

'సామాజికం కాని పరిశుద్ధత లేదు' అన్న జాన్ మాటను ఇప్పుడు సామాజిక న్యాయం గురించి అన్నట్టు ఉదహరిస్తారు. అది 1739 పాటల పుస్తకం ముందుమాటలోది. అక్కడ ఆయన చెబుతున్నది, ఏకాంతంలోకి పారిపోయి ఎవరూ పరిశుద్ధులు కాలేరని. క్రైస్తవుడు తోటివారితో కలిసే ఎదగాలని. న్యాయం విషయానికొస్తే వేరే ఆధారాలు గట్టిగానే ఉన్నాయి. 1774లో బానిసత్వాన్ని ఖండిస్తూ పుస్తకం రాశాడు. 1791 ఫిబ్రవరి 24న, చనిపోవడానికి ఆరు రోజుల ముందు, బానిస వ్యాపారాన్ని ఎదిరించమని పార్లమెంటు సభ్యుడు విల్బర్‌ఫోర్స్‌కు ఉత్తరం రాశాడు.

మన తెలుగు సంఘాలకూ దీనికీ సంబంధమేమిటి?

రెండు దారుల్లో వచ్చింది. బ్రిటన్ నుంచి వెస్లియన్ మిషన్ సికింద్రాబాదు, మెదక్ ప్రాంతాలకు వచ్చింది. చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించిన మెదక్ చర్చి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయింది. ఆ సంఘాలు 1947లో దక్షిణ ఇండియా సంఘంలో, అంటే సీఎస్ఐలో కలిశాయి. అమెరికా నుంచి వచ్చిన మెథడిస్టు ఎపిస్కోపల్ మిషన్ వేరు. హైదరాబాదు చుట్టుపక్కల దాని సంఘాలు ఇప్పుడు మెథడిస్ట్ చర్చ్ ఇన్ ఇండియాలో ఉన్నాయి.

డిసెంబరు 31 రాత్రి చాలా తెలుగు సంఘాలు జరుపుకునే వాచ్‌నైట్ సర్వీసుకు కూడా ఇక్కడ ఒక వేరుంది. కింగ్స్‌వుడ్ గని కార్మికులు ఒకప్పుడు సారాయి దుకాణంలో గడిపిన రాత్రులను ప్రార్థనలో, పాటలో గడపడం మొదలుపెట్టారు. జాన్ దాన్ని మిగతా చోట్లకూ తీసుకెళ్లాడు. మొదట్లో అది నెలకోసారి, పౌర్ణమి దగ్గరి శుక్రవారం జరిగేది. ఇంటికి నడిచి వెళ్లడానికి వెన్నెల ఉండాలి కదా. కొత్త సంవత్సరంలో చేసే నిబంధన ఆరాధన కూడా 1755లో జాన్ మొదలుపెట్టినదే.

చదవాలనుంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

జాన్ దినచర్యలో 1738-39 భాగం చదవండి, కథలా సాగిపోతుంది. తర్వాత 1780 పాటల పుస్తకం ముందుమాట, విషయసూచిక చూడండి. రెండూ చిన్నవే, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఆపై తెలుగు బైబిలులో ఆదికాండము 32 పక్కన తెరిచి పెట్టుకుని యాకోబు పాట 14 చరణాలూ ఒకే విడతలో చదవండి. పాటల పుస్తకాల్లో తరచుగా నాలుగైదు చరణాలకు కుదించి వేస్తారు, అది తీసుకోవద్దు. ఆ పెనుగులాట ఎంతసేపు సాగిందో తెలియాలంటే చరణాలన్నీ ఉండాలి. వీలైతే ఇద్దరు ముగ్గురు కలిసి, ఒకరు చదువుతుంటే మిగతావాళ్లు వింటూ చదవండి.